అంతరంగశుద్ధియు అణ్వస్త్రమును



మొన్నటి బసవజయంతినాడు మా యూరి మఠమున నేను ప్రసంగించుచుండగా ముందువరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి లేచి నిలిచిరి. సైన్యమున సుబేదారుగా పనిచేసి విరమించినవారు, లింగార్చన తప్పనివారు. "పంతులుగారూ, అహింస యని మీరు చెప్పుచున్నారు, బాగుగనే యున్నది. కాని 1945 తరువాత ఒక్క అణుబాంబైనను ఏ పట్టణముపైనను పడలేదు. ఏల పడలేదు? ఒకరివద్ద నున్నదని మరియొకరు జంకుటచేతనే కదా! చంపకయే, చంపుదునని చెప్పి మాత్రమే యుద్ధము నాపగలిగినచో అందు పాపమేమున్నది?" అని యడిగిరి. సభ అంతయు ఆయనవైపే మొగ్గినది. నేనేదో ఒక శ్లోకము చదివి ఆనాటికి తప్పించుకొంటిని. ఇల్లు చేరిన పిదప నా సమాధానము నాకే రుచింపలేదు. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ నాలుగు మాటలు.

బసవేశ్వరుడు అడవిలో ముక్కు మూసికొని కూర్చున్న ముని కాడు. కళ్యాణమున కలచురి బిజ్జలుని కొలువులో భండారియై రాజ్యధనమును పాలించినవాడు. రాజ్యము దేనిచే నిలుచునో, దేనిచే కూలునో దగ్గరనుండి చూచినవాడు. కనుక రాజకార్యము తెలియని సాధువు పలుకులని ఆయన బోధను త్రోసిపుచ్చ వీలులేదు. అట్టివాడు శరణులకు నియమములు చెప్పునపుడు ప్రాణిహింసను, చౌర్యమును, అసత్యమును నిషేధించి యూరకుండలేదు. కోపమును, పరులయెడ ఏవగింపును, ఆత్మస్తుతిని, పరనిందను గూడ అదే వరుసలో నిలిపినాడు. లోకపు న్యాయస్థానమున హత్యకు శిక్ష కలదు, కోపమునకు లేదు. ఆయన లెక్కలో రెండును ఒకే పద్దున వ్రాయబడినవి. లోపల నొకటి, వెలుపల నొకటి యను బేరము అక్కడ సాగదు.

ఈ కొలబద్దను చేతబట్టి సుబేదారుగారి ప్రశ్నను చూతము. "చంపుదును" అని పలికినవానికి రెండే స్థితులున్నవి. నిజముగా చంపు తలంపు లేదనుడు; అప్పుడా మాట కల్ల. నిజముగా తలంపు కలదనుడు. అప్పుడు హత్యకు మనస్సు ఒప్పుకొనియే యున్నది, చేయి మాత్రము కదలలేదు. మూడవ స్థితి నాకు కనబడలేదు. అసత్యమో, హింసయో, రెండింటిలో నొకటి బెదిరింపునకు పునాదిగా నుండి తీరవలెను. పైగా అణ్వస్త్రపు బెదిరింపు మాటతో నిలుచునది కాదు. ఎదుటివాడు నమ్మవలెనన్నచో క్షిపణులు గురిచూచి నిలుపవలెను. ఏ పట్టణము మొదటిది, ఏది రెండవది యని పట్టికలు వ్రాయవలెను. పడుచువాండ్రను భూగర్భమున కూర్చుండబెట్టి, ఆజ్ఞ వచ్చిన మరుక్షణము ప్రశ్నింపక తాళపుచెవి త్రిప్పుట నేర్పవలెను. ఏండ్ల తరబడి ప్రతిదినము చేయు ఈ అభ్యాసమును కేవలము మాట యనుట న్యాయమా?

ఆ పట్టికలలో ఎవరున్నారో 1945లోనే తేలిపోయినది. ఆగస్టు 6వ తేదీ ఉదయము హిరోషిమాపై పడిన ఒక్క బాంబుచే ఆ యేడు ముగియులోపల సుమారు 1,40,000 మంది మరణించిరని ఆ నగరపువారి అంచనా. వారిలో బడిపిల్లలు వేలకొలది యుండిరి. మూడు దినములకు నాగసాకి. బ్రతికి బయటపడినవారు కాలిన దేహములతోనే ఊరూర తిరిగి ఇక మీదట ఎవ్వరికిని ఈ గతి వలదని చెప్పుచు వచ్చిరి. వారి సంఘమగు నిహోన్ హిదాన్‌క్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమానము లభించినది. అప్పటికి వారిలో ఎక్కువమంది ఎనుబదులు దాటిరి.

బెదిరింపును హింసతో జతచేయుట భక్తుల చాదస్తమనుకొనరాదు. ఐక్యరాజ్యసమితి శాసనపత్రము రెండవ అధికరణము ఒక దేశము మరియొక దేశముపై బలమును ప్రయోగించుటనే కాక, ప్రయోగింతునని బెదిరించుటను గూడ నిషేధించినది. 1945లో ఆ పత్రము వ్రాసినవారు రెండు ప్రపంచయుద్ధములు చూచినవారు. కాని ఆ పత్రముపై చేవ్రాలు చేసిన పెద్దరాజ్యములే బెదిరింపును తమ విదేశాంగనీతికి వెన్నెముక గావించుకొన్నవి.

"అయినను యుద్ధము ఆగినది కదా" యని సుబేదారుగారందురు. ఎట్లాగినదో చెప్పుటకు 1962 అక్టోబరు కథ ఒక్కటి చాలును. ఆ నెల మనకును చేదైనదే. 20వ తేదీన చైనా సేనలు మన సరిహద్దుపై విరుచుకుపడినవి. మన పెద్దలు ఆ దుఃఖమున మునిగియుండగా భూగోళపు ఆవలివైపున అంతకు మించిన ప్రమాదము పొంచియున్నది.

సోవియట్ దేశము అమెరికా తీరమునకు నూరుమైళ్ళలోపుననున్న క్యూబా ద్వీపమున రహస్యముగా అణుక్షిపణులు దింపినది. అమెరికా అంతకుముందే సోవియట్ పొరుగుననున్న టర్కీలో తన జూపిటర్ క్షిపణులు నిలిపియున్నది. ఒకరి గుమ్మమున ఒకరు మందుగుండు పెట్టుకొనిరన్నమాట. అక్టోబరు 22న అధ్యక్షుడు కెన్నెడీ, క్యూబానుండి ఒక్క క్షిపణి లేచినను సోవియట్ దేశముపై సంపూర్ణ ప్రతీకారము తీర్చుకొందుమని లోకమంతయు వినునట్లు ప్రకటించి, ఆ ద్వీపమునకు సముద్రమార్గమును దిగ్బంధించెను. క్యూబాపై పడవలసిన దెబ్బను తలచి క్రుశ్చేవును ప్రతిజ్ఞలు పలికెను. ఇరువురును తాము ఏలుకొను ప్రజల ప్రాణములనే పందెమొడ్డిరి. ఆ ప్రజలలో ఒక్కరినైనను అడిగినవారు లేరు.

అక్టోబరు 27, శనివారము. బి-59 అను సోవియట్ జలాంతర్గామి క్యూబా సమీపమున నీటి అడుగున నక్కియున్నది. బ్యాటరీలు చాలవరకు ఉడిగిపోయినవి. లోపల వేడి 45 డిగ్రీలు దాటినది, గాలి చెడినది, కొందరు నావికులు సొమ్మసిల్లిరి. మాస్కోనుండి ఏ వార్తయు చేరుటలేదు. పైన అమెరికా నౌకలు దానిని పైకి రప్పించుటకు చిన్న పేలుడుగుండ్లు జారవిడుచుచున్నవి. అవి కేవలము సంకేతములని నౌకలవారి తలంపు; యుద్ధమే మొదలైనదేమోయని లోపలివారి భయము. ఆ జలాంతర్గామిలో అణుశక్తితో పేలు టార్పెడో ఒకటి కలదని పైనున్న అమెరికావారికి తెలియనే తెలియదు.

లోపలనున్నవారు పిమ్మట చెప్పిన వృత్తాంతములలో చిన్నచిన్న భేదములున్నవి. నౌకాధిపతి సవిత్స్కీ నిగ్రహము కోల్పోయి ఆ టార్పెడోను సిద్ధము చేయుమనెననియు, ఆ దళమునకు ముఖ్యాధికారులలో నొకడై అదే నౌకలో ప్రయాణించుచున్న వసీలీ ఆర్ఖిపోవ్ అతనిని శాంతపరచి నౌకను నీటిపైకి తేలనిచ్చుటకు ఒప్పించెననియు వారిలో ఒకరు తెలిపిరి. నౌక తేలినది. టార్పెడో కదలలేదు. ఈ సంగతి 2002 వరకు లోకమునకు తెలియనే లేదు. ఆర్ఖిపోవ్ అంతకు నాలుగేండ్ల ముందే, 1998లో, కన్నుమూసెను.

ఇచ్చట ఒక్క క్షణము నిలువుడు. ఆ దినమున కెన్నెడీకి యుద్ధేచ్ఛ లేదు. క్రుశ్చేవునకును లేదు; ఇరువురును వెనుకకు తగ్గు మార్గమునే వెదకుచుండిరి. అయినను వారి బెదిరింపు వారి చేతిలో లేదు. అది సముద్రగర్భమున ఉక్కపోతలో, చెమటలో, భయములో మునిగియున్న నలుగురైదుగురి చేతికి పోయినది. బెదిరించినవాడు ఒకడు, చేయవలసినవాడు మరియొకడు.

ఈ మాట వ్రాయుచుండగా నా చేయి వణకినది. ఏలయనగా ఇట్టి కార్యము నేనును చేసితిని. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో నా తరగతిబల్లపై ఒక బెత్తముంచెడివాడను. దానితో కొట్టినది చాల తక్కువ. చూపిన చాలును, తరగతి నిశ్శబ్దమగుచుండెను. కొట్టకుండ క్రమశిక్షణ నేర్పుచున్నానని నలుగురిలో చెప్పుకొనువాడను. ఒకనాడు నేను జ్వరముచే సెలవుపెట్టగా నా తరగతికి వచ్చిన మరియొక ఉపాధ్యాయుడు బల్లపైనున్న ఆ బెత్తమునే తీసికొని ఎక్కము తప్పిన ఒక పిల్లవానిని కొట్టెను. వ్రేళ్ళు వాచి ఆ బిడ్డ వారము దినములు పలక పట్టలేకపోయెను. కొట్టినది నేను కాను. కాని బెత్తమును అచ్చట నుంచినవాడను నేను. ఆ పిల్లవాని తల్లి నన్నేమియు అనలేదు, అనినచో బాగుండెడిది.

ఇక అక్టోబరు కథకు రెండవ భాగమున్నది. సుబేదారుగారి ప్రశ్నకు నిజమైన జవాబు అందే కలదు. 28వ తేదీన క్రుశ్చేవు క్యూబానుండి క్షిపణులు తీసివేతునని ప్రకటించెను. కెన్నెడీ బెదరింపగా క్రుశ్చేవు బెదరెనని లోకము అనుకొన్నది. నిజమది కాదు. ముందునాటి రాత్రియే అధ్యక్షుని తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ సోవియట్ రాయబారి దొబ్రినిన్‌ను కలిసి, టర్కీలోని తమ క్షిపణులను కొద్ది నెలలలో తీసివేయుదుమని మాట యిచ్చెను. అయితే ఆ మాట రహస్యముగా నుండవలెనని షరతు పెట్టెను. క్యూబాపై దండెత్తబోమని బహిరంగముగనే చెప్పిరి. 1963 ఏప్రిల్ నాటికి టర్కీలోని క్షిపణులు వెడలిపోయినవి. అనగా భూమిని కాపాడినది ఇచ్చిపుచ్చుకొన్న సంధి, దానికితోడు నీటి అడుగున ఒక మనిషి చూపిన నిగ్రహము. ఈ రెండును దాచబడినవి. పైకి కనబడినది బెదిరింపు ఒక్కటే. సంధి సంగతి ఇరువది యేండ్లవరకు స్పష్టముగా బయటపడలేదు. ఈలోపల ఒక తరమంతయు, గట్టిగా నిలిచి ఉరిమిన శత్రువు లొంగునని పాఠము నేర్చుకొన్నది. అదే మంత్రాంగములోని కొందరు వియత్నామున గూడ దెబ్బ క్రమముగా పెంచుచుపోయిన ఎదుటివాడు దారికి వచ్చునని నమ్మిరి; ఏమైనదో మనమెరుగుదుము.

బెదిరింపునకు అసత్యము పునాదియని ముందు చెప్పితిని. చూచితిరా? పని ముగిసిన తరువాతనైనను ఆ అసత్యమును వదలుకొనలేకపోయిరి. లొంగినట్లు కనబడరాదు, ఇచ్చినట్లు తెలియరాదు. బసవేశ్వరుడు ఆత్మస్తుతిని హింస ప్రక్కన ఏల కూర్చుండబెట్టెనో నాకు ఈ కథ చదివిన పిదప బోధపడినది. అంతవరకు అదొక చిన్న మర్యాదాసూత్రమని పిల్లలకు చెప్పుచు వచ్చితిని.

అట్లయిన సైనికుని వృత్తియే పాపమా? అట్లు నేననను. అట్లనిన సుబేదారుగారు మరల లేచి నిలుతురు, వారికా హక్కున్నది. తలుపు దగ్గర కావలి నిలిచి కత్తితో వచ్చినవానిని ఎదుర్కొనుట వేరు. వాని యింట నిదురించు బిడ్డల మెడపై కత్తి పెట్టి "నీవు కదలిన వీరి గతి యిది" యనుట వేరు. మొదటిదానికి హద్దులు గీయవచ్చును. రెండవదానికి హద్దెక్కడ? 1971లో తూర్పు బెంగాలునుండి సుమారు కోటిమంది కట్టుబట్టలతో మన దేశమునకు వచ్చిరి. ఆ యేడు డిసెంబరులో మన సేనలు పోరాడినవి. పదునాలుగు దినములలోపల ఢాకాలో శత్రుసేన లొంగినది. మన సేనలు మరుసటి యేటనే వెనుకకు మరలినవి. ఆ బలప్రయోగమును నేను తప్పుపట్టలేను. యుద్ధము నడుమ అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ నౌకను వెంటబెట్టుకొని ఒక నౌకాదళమును బంగాళాఖాతమునకు పంపినది. ఆ బెదిరింపు యుద్ధము నాపలేదు. కాని మనవారి మనస్సున ఒక ముల్లు దిగినది. 1974 మే 18న పోఖ్రాన్ ఇసుకలో మనము తొలి అణుపరీక్ష జరిపితిమి. దానికి కారణములు మరి కొన్నియు కలవు, చైనా బాంబు ముఖ్యమైనది. అయినను భయపెట్టబడినవాడు ఊరకుండడు, తానును భయపెట్టు సాధనము వెదకుకొనునని ఆ ముల్లు చెప్పుచున్నది.

ఇందులకు ప్రతిగా ఉక్రెయిన్ సంగతి చెప్పువారున్నారు. సోవియట్ దేశము విడిపోయినపుడు తన గడ్డపై మిగిలిన అణ్వస్త్రములను ఆ దేశము వదలుకొన్నది. 1994 డిసెంబరున బుడాపెస్టులో రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దులను గౌరవింతుమని వ్రాసి యిచ్చినవి. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఆ సరిహద్దు దాటినవి. ఆయుధము విడిచినవాడు చెడెనుగా యని అడుగుదురు. ఈ ప్రశ్నకు నావద్ద తేలిక జవాబు లేదు. ఆ దేశపు తల్లుల ఎదుట నిలిచి చెప్పదగినది అసలే లేదు. కాని ఒకటి గమనింపుడు. దండెత్తిన మూడు దినములకే రష్యా అధ్యక్షుడు తన అణుదళములను ప్రత్యేక సిద్ధస్థితిలో నుంచుమని ఆజ్ఞాపించెను. ఆనాడు అణ్వస్త్రము కాచినది దండెత్తినవానిని. శాంతికి గొడుగని మనము పొగడునది దురాక్రమణకును గొడుగే. వానలో దానికి మంచివాడు, చెడ్డవాడు అను భేదము తెలియదు.

ఇంతవరకు పరదేశముల తప్పులెంచితిని. అంతటితో ఆపినచో పరనింద యగును. 1995లో హేగునందలి అంతర్జాతీయ న్యాయస్థానము అణ్వస్త్రముల న్యాయాన్యాయములను విచారించునపుడు మన భారతదేశము, వాటి ప్రయోగము అన్యాయమనియు, భయపెట్టి నిలువరించు నీతి మానవత్వము సహింపరానిదనియు వ్రాతమూలకముగా వాదించినది. 1996 జూలైలో ఆ న్యాయస్థానము, ప్రయోగమే కాక బెదిరింపు సైతము సాధారణముగా యుద్ధన్యాయమునకు విరుద్ధమని అభిప్రాయము చెప్పినది. దేశపు ఉనికికే ముప్పు వచ్చిన ఘట్టమున మాత్రము తేల్చి చెప్పలేమని యొక తలుపు తెరచియే యుంచినది. అంత చక్కగా వాదించిన మనమే 1998 మే 11న, 13న అయిదు పరీక్షలు చేసితిమి. ఆ నెలలోనే పాకిస్తాను చాగైకొండలలో బదులు చెప్పినది. ముందుగా ప్రయోగింపమని మన ప్రభుత్వము పిదప ప్రకటించుకొన్నది. అది కొంత మేలే. చెప్పనివారికంటె చెప్పినవారు నయము. కాని మే 11 వార్త వచ్చిన మరునాడు మిఠాయి పొట్లము కొని పంచినవారిలో నేనొకడను. ఆ పొట్లము విప్పునపుడు నా మనస్సున హిరోషిమా లేదు. బసవేశ్వరుడును లేడు.

మన సంప్రదాయమున సైతము ఒక గాయమున్నది, దానిని దాచి ఈ ప్రసంగము ముగించుట ధర్మము కాదు. కెన్నెడీ సంధిని దాచెనని నిందించినవాడు తన యింటి కథను దాచవచ్చునా? చర్మకారుడగు హరళయ్య కుమారునికి, విప్రకులజుడగు మధువరసు కుమార్తెకు శరణులు వివాహము చేసిరి. బిజ్జలుడు ఆ ఇరువురు తండ్రులకు క్రూరమగు శిక్ష విధించెను. ఆ శిక్ష వారిరువురి కొరకు మాత్రమే కాదు; చూచువారు భయపడవలెనని నడివీధిలో జరిపించినది. అదియొక బెదిరింపు. దానిచే శరణులు లొంగిరా? లొంగలేదు. బసవేశ్వరుడు కళ్యాణమును విడిచి సంగమక్షేత్రమునకు వెడలిపోయెను. బిజ్జలుడు హతుడయ్యెను. కళ్యాణము చెదరినది, శరణులు దిక్కులు పట్టిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలుకొని మన కథకులు బిజ్జలుని వధను భక్తపరాక్రమముగానే చెప్పుచు వచ్చిరి. ఎవరు పురికొల్పిరి, ఎవరు వారించిరి యను విషయమున కథలన్నియు ఏకముగా లేవు. ఆ ఘట్టము వచ్చినపుడు సభలో చప్పట్లు మ్రోగును. నేనును ఇరువదిమారులు ఆ ఘట్టమును గొంతెత్తి చదివి చప్పట్లు కొట్టించుకొంటిని. కళ్యాణములోని అనుభవమంటపము మరునాడెట్లుండినదో ఎన్నడును చదువలేదు, ఎవరును అడుగలేదు.

ఈ వ్యాసమును పత్రికకు పంపకముందు సుబేదారుగారి యింటికి పోయి ఆసాంతము చదివి వినిపించితిని. కన్నులు మూసికొని వినిరి. "మీ మాట బాగున్నది పంతులుగారూ, కాని ఎదుటివాడు మన పత్రిక చదువడు కదా" యని నవ్విరి. నేనును నవ్వితిని. తరువాత జలాంతర్గామి సంగతి మరల నొకమారు చదువుమనిరి. చదివితిని. చాలసేపటికి, 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగిన పిదప మన సేనలను సరిహద్దునకు తరలించినపుడు తాము రాజస్థానమున ఇసుకలో నెలల తరబడి నిలిచియున్న సంగతి చెప్పసాగిరి. యుద్ధము జరుగలేదు. రేపో ఎల్లుండియో ఆజ్ఞ వచ్చునని ప్రతి సాయంకాలము అనుకొనుచు కుర్రవాండ్రు ఇండ్లకు ఉత్తరములు వ్రాసి చించివేయుట, నాటిన మందుపాతరలను తిరిగి త్రవ్వునపుడు జరిగినది, అవన్నియు వారు ఇంతకుముందు ఎవ్వరికిని చెప్పలేదట. రాబోవు శ్రావణ సోమవారపు సభలో ఆ సంగతి వారే చెప్పుటకు అంగీకరించిరి. ఆ దినమున నేను ప్రసంగింపను. చాప పరచి ముందువరుసలో కూర్చుందును.